పట్టు స్కూలు కింద నీళ్లు

స్కూలు పండుగ ఇంకా పన్నెండు రోజులుందనగా మా అమ్మాయి లమియా ఒక కాగితం పట్టుకొచ్చి వంటింట్లో నా ఎదురుగా కూర్చుంది. స్కూలుకి తొంభై ఏళ్లు నిండుతున్నాయని సిస్టర్లు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నారు. అందులో చరిత్ర, వసతులు రాసే పని పదకొండో తరగతికి అప్పజెప్పారు. తప్పులుంటే చెప్పమ్మా అని చదవడం మొదలుపెట్టింది. నేను చదివింది ఆరో తరగతి వరకే. నన్నెవరూ ఎప్పుడూ తప్పులు పట్టమని అడగలేదు. ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతూనే చెవులు రిక్కించాను.

బాగానే రాసింది. ముగ్గురు సిస్టర్లు గాడిదల మీద కొండెక్కి రావడం, మూతపడ్డ పట్టు కార్ఖానాలో పదకొండుమంది ఆడపిల్లలతో మొదటి తరగతి పెట్టడం, తర్వాత మగపిల్లల్నీ చేర్చుకోవడం, యుద్ధంలో ఆఫీసు గది తగలబడి పాత కాగితాలన్నీ బూడిదైపోవడం, మళ్లీ ఆ కార్ఖానా గోడల మీదే కొత్త భవనం లేపడం. స్కూలుకి ఒక పునీతురాలి పేరుంది గాని మా కొండ ఊరు ఐన్ తూత్‌లో అందరికీ అది పట్టు స్కూలే. ఆ తర్వాత వసతులు చదివింది. మూడంతస్తుల హైస్కూలు భవనం, సైన్సు ల్యాబు, లైబ్రరీ, గంట ఉన్న ప్రార్థనాలయం, రెండు బస్సులు, నిమ్మచెట్ల పక్కన బాస్కెట్‌బాల్ కోర్టు.

"మరి బావేదీ?" అన్నాను.

"ఏ బావి?"

"కోర్టు కింద ఉన్నది."

లమియా పెన్ను మూత కొరుకుతూ నన్ను చూసింది. ఆ చూపు నాకు అలవాటే. దానికి జ్వరం వస్తే మెదడువాపేమోనని నేను డాక్టర్ని లేపినప్పుడూ అలాగే చూసింది. కోర్టు కింద మట్టి ఉంటుందమ్మా అని చెప్పి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

కాని నేను చూశాను. యుద్ధమప్పుడు నాకు ఎనిమిదేళ్లు. కింది ఊళ్ల నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలతో ఆ చలికాలమంతా స్కూలు కిటకిటలాడింది. మా ఇంటి మీద ఫిరంగి గుండు పడిందని మేమూ రెండో తరగతి గదిలో పక్కలు పరుచుకున్నాం. పట్టుకాయలు ఉడికించడానికి కార్ఖానాకి నీళ్లు ఎడతెగకుండా కావాలి గనక, అది నడిచిన రోజుల్లోనే నేలకింద పెద్ద వాననీటి బావి తవ్వించి, పైన రాతి కప్పు కట్టారు. కప్పులో బొక్కెన పట్టేంత నోరు ఒక్కటే. అంతమందికి ఆ నోరు చాలక, మగవాళ్లు సమ్మెటలు తీసుకుని కప్పుని ఒక పక్క పగలగొట్టారు. బండి పట్టేంత వెడల్పున తెరిచారు. ఆ సమ్మెట ఎత్తినవాళ్లలో మా నాన్న ఉన్నాడు.

యుద్ధం ఆగిన ఏడాది ఒక పిల్ల ఆ నోట్లో పడబోయింది. సిస్టర్ యూజెనీ జడ పట్టుకుని వెనక్కి లాగింది. ఆ వారంలోనే మూయించింది. హాస్టలు గదులు కాలగా మిగిలిన తలుపులు అడ్డంగా పరిచారు. వాటి మీద దొరికిన ఇనప చువ్వలు వేశారు, సిమెంటు పోశారు. సిమెంటు చాలలేదని ఇసక ఎక్కువ కలపడం నా కళ్లతో చూశాను. తర్వాత మట్టి, మట్టి మీద తారు, తారు మీద తెల్ల గీతలు. మేస్త్రీ పోయాడు, మా నాన్న పోయాడు. ఆ పడబోయిన పిల్లని నేనే.

పండుగనాడు ఆ కోర్టు మీదే దబ్కే నాట్యం. హైస్కూలు పిల్లలంతా చేతులు పెనవేసుకుని, వరసలు కట్టి, డోలు దెబ్బకి నేలని కాళ్లతో మోదాలి. వరస ముందు ఎర్ర రుమాలు తిప్పుతూ నడిపించేది మా లమియా.

ఆ సాయంత్రం నా మొగుడు సిమాన్‌కి చెప్పాను. అతను స్కూలు బస్సు నడుపుతాడు. బూట్లు విప్పుతూ అంతా విన్నాడు.

"ఈ ఏడాదిలో ఇది ఎన్నోది వర్దే? జనవరిలో నా బ్రేకులు. మార్చిలో ల్యాబులో గ్యాసు. ఇప్పుడు బావి. ఇంక పైనుంచి ఆకాశం ఊడిపడటమే మిగిలింది."

"గ్యాసు వాసన వచ్చింది. నువ్వూ చూశావు."

"అది వంటగదిలో మాడిన ఉల్లిపాయలు," అని నవ్వి, మొహం కడుక్కోవడానికి వెళ్లాడు.

మర్నాడు థైమ్ రొట్టెలు కట్టుకుని, పిల్లకి ఇచ్చి వస్తానన్న నెపంతో ప్రాక్టీసు దగ్గరికి వెళ్లాను. గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాను. చూస్తే పిల్లలే కనపడతారు, నాకు నేల వినపడాలి. ప్రార్థనాలయం వైపు కాళ్లు పడినప్పుడు దబ్బుమని పొడిగా తెగిపోయే చప్పుడు. వరస తిరిగి నిమ్మచెట్ల వైపు రాగానే అదే దెబ్బకి కింద నుంచి ఇంకొకరెవరో జవాబిచ్చినట్టుంది, ఒక్క క్షణం ఆలస్యంగా. కళ్లు తెరిచాను. ఎవరూ తల తిప్పలేదు. డోలు వాయించేవాడు ఇటువైపే వాయిస్తే బాగా మోగుతోందని మెచ్చుకుంటున్నాడు.

రెండు రోజుల తర్వాత వాన పడింది. వాన వెలిశాక మళ్లీ వెళ్లాను. కోర్టంతా చిన్న చిన్న మడుగులు. నిమ్మచెట్ల పక్క మడుగొక్కటే నా కళ్లముందే తగ్గిపోయింది. తారులో వెంట్రుకంత పగులు. నీళ్లు అందులోకి దిగుతున్నాయి. భవనం కప్పు మీది నీళ్లు మోసుకొచ్చే గొట్టం కూడా గోడ మూలన నేలలోకే దిగి మాయమవుతోంది. పాతికేళ్లుగా ఆ గొట్టాన్ని చూస్తున్నాను, ఎక్కడ తేలుతోందో ఒక్కసారైనా అడగలేదు.

ప్రిన్సిపాల్ మదర్ క్లెమాన్స్ నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించింది. మంచి మనిషి. యుద్ధం అయిపోయిన చాలా ఏళ్లకి పట్నం నుంచి వచ్చింది, ఊరి పాత సంగతులు ఎరగదు. నేను చెప్పిందంతా విని, బీరువాలోంచి భవనం ప్లాను తీసి పరిచింది. అందులో కోర్టు ఉంది, నిమ్మచెట్లున్నాయి, బావి లేదు.

"ఇది కొత్త కాగితం మదర్. పాతది తగలబడింది. ఆ కప్పు గొట్టం నేలలోకి పోతోంది కదా, ఎక్కడ తేలుతోంది?"

"కాలవలోకి అయ్యుంటుంది."

"ఏ కాలవ?"

ఆమె ప్లాను మీద వేలితో వెతికి, కాసేపటికి వేలు తీసేసింది. వేసవి సెలవుల్లో ఇంజినీరుని పిలిపిస్తానని మాటిచ్చింది. పండుగ ఆహ్వాన పత్రికలు అచ్చయిపోయాయి, బిషప్ గారు వస్తున్నారు, కుర్చీలు కూడా చెప్పేశారు. గుమ్మం దాకా సాగనంపుతూ నా భుజం మీద చెయ్యి వేసింది.

"మీ అమ్మాయి వరస ముందు నిలబడుతోంది వర్దే. పొంగిపోవాల్సిన వేళ మీరు గోతులు వెతుక్కుంటున్నారు."

ఇంక మిగిలింది సిస్టర్ యూజెనీ. ప్రార్థనాలయం వెనక గదిలో తొంభై ఒకటో ఏట మంచం పట్టి ఉంది. ఏ రోజు ఏ మనిషిని గుర్తుపడుతుందో చెప్పలేం. నన్ను చూసి మా అమ్మ పేరుతో పిలిచింది. నేను కాదనలేదు. దిండు సర్ది, చెవి దగ్గర వంగి, బావి అన్నాను. ఆమె వేళ్లు నా చేతిని చుట్టుకున్నాయి. అంత బలం ఇంకా ఉందని అనుకోలేదు.

"ఆ తలుపుల మీద పిల్లల్ని నడవనివ్వకు," అంది. "ఒక్క చలికాలానికి చాలనుకుని వేయించాను. వేసవి రాగానే సరిగ్గా కట్టిద్దామన్నాను. ప్రతి వేసవికీ ఇంకేదో పని పడింది."

ఆ మాటే పరుగున వెళ్లి మదర్‌కి చెప్పాను. ఆమె నిట్టూర్చింది. ముప్పై ఏళ్ల క్రితం పోయిన బిషప్‌కి కాఫీ ఇచ్చారా అని సిస్టర్ యూజెనీ నిన్ననే అడిగిందట.

పండుగ ముందురోజు మధ్యాహ్నం లమియా నల్ల పావడా ఇస్త్రీ చేసుకుంటోంది. ఒంట్లో బాగాలేదని చెప్పి రేపు ఇంట్లో ఉండిపొమ్మన్నాను. తల ఎత్తకుండా ఇస్త్రీ చేస్తూనే ఉంది.

"నువ్వు భయపడ్డవన్నీ జరిగుంటే నేనిప్పటికి పదిసార్లు చచ్చేదాన్నమ్మా."

"జరగలేదు కాబట్టే ఉన్నావు."

"ఎనిమిదో తరగతిలో అందరూ సముద్రానికి వెళ్తే నేను బస్సులో కూర్చున్నాను. మంచు చూడ్డానికి వెళ్తే వెళ్లనే లేదు. ఆరు నెలలు నేర్చుకున్నాను దీన్ని. నేను రాకపోతే మరో పిల్ల రుమాలు పట్టుకుంటుంది, అంతేగా. ఆ పిల్ల పడిపోయినా నీకు పర్లేదా?"

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. నిజమే, నా పిల్లని గదిలో పెట్టి తాళం వేసుకున్నా మిగతా నూట ఇరవైమంది ఆ తలుపుల మీదే నిలబడతారు. పావడా మడత నేనే సరిచేసి ఇచ్చాను.

ఆదివారం ఎండ బాగా కాసింది. పూజ అయింది, ప్రసంగాలయ్యాయి, లమియా వాళ్ల పుస్తకం అందరికీ పంచారు. జనం కిబ్బె మాంసం ఉండలు తింటూ, నువ్వుల రొట్టెలు తుంచుకుంటూ కోర్టు చుట్టూ కుర్చీల్లో సర్దుకున్నారు. నేను నిమ్మచెట్ల పక్క పిట్టగోడ మీద కూర్చుని కాఫీ కప్పు పక్కన పెట్టుకున్నాను. డోలు మొదలైంది.

లమియా రుమాలు తిప్పుతూ ముందుకొచ్చింది. దాని వెనక వరస పాములా మెలికలు తిరుగుతూ వచ్చింది. అంత అందంగా ఉంటుందని నేననుకోలేదు. ఒక్క నిమిషం నేనూ మర్చిపోయాను. అప్పుడు వరస నా వైపు తిరిగింది, కాళ్లన్నీ ఒక్కసారి పడ్డాయి. కప్పులో కాఫీ వలయాలు వలయాలుగా కదిలింది. మళ్లీ పడ్డాయి. తారు పగుల్లోంచి సన్నటి దుమ్ము, ఎవరో కింద నుంచి ఊదినట్టు, లేచి ఆగింది. ప్రతి దెబ్బకీ లేస్తోంది. నా పక్కన కూర్చున్న హన్నేకి చూపించాను. చీమల పుట్టేమో వర్దే అని నా చేతిలో ఇంకో కిబ్బె పెట్టింది.

నేను లేచి సిమాన్ దగ్గరికి వెళ్లేసరికి మైకులో పెద్దలందరినీ వరసలోకి రమ్మని పిలుస్తున్నారు. సిమాన్ అప్పటికే పక్కింటాయన భుజం మీద చెయ్యి వేసి దిగిపోయాడు. నలుగురు, నలభైమంది, ఇంకా వస్తూనే ఉన్నారు. ఈసారి రెండు కాళ్లతో, ఇంకా గట్టిగా, అని డోలువాడు అరిచాడు. నేను ఎవరి పేరో పిలిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

ప్రార్థనాలయం ఖాళీగా ఉంది. గంట కొట్టే ముసలి తన్నూస్ కూడా బయట దబ్కే చూస్తున్నాడు. గంట తాడు వెనక తలుపు పక్కన మేకుకి చుట్టి ఉంది. మా ఊళ్లో పండుగకి గంట గబగబా మోగుతుంది. ఎవరైనా పోతే మాత్రం ఒక్క దెబ్బ కొట్టి, అది పూర్తిగా చల్లారేదాకా ఆగి, మళ్లీ ఒక్క దెబ్బ. ఆ గంట వినపడితే పెళ్లివారి డోలైనా ఆగిపోవాలి. పోయిన ఏడు హన్నే కూతురి పెళ్లి అలాగే సగంలో ఆగింది. ఎవరూ విసుక్కోలేదు. చచ్చినవాళ్ల ముందు ఎవరూ ఆడరు.

తాడు విప్పి లాగాను. పది లెక్కపెట్టాను. మళ్లీ లాగాను.

మూడో దెబ్బకి డోలు ఆగింది. నాలుగో దెబ్బకి వందల కాళ్ల చప్పుడు సద్దుమణిగి, చెదిరి, కోర్టు దిగి ఇటువైపు రావడం వినపడింది. నేను ఆపలేదు. అందరూ దిగేదాకా లాగుతూనే ఉన్నాను. మగవాళ్లు టోపీలు చేత్తో పట్టుకుని, ఆడవాళ్లు తలమీద గుడ్డ లాక్కుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. తన్నూస్ రొప్పుకుంటూ వచ్చి తాడు మీద చెయ్యి వేశాడు.

"ఎవరు పోయారు వర్దే?"

"ఎవరూ పోలేదు."

వెనకున్నవాళ్లకి వినపడక ముందున్నవాళ్లని అడిగారు. ఆ మాట గుమ్మం నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి వాకిట్లోకి ప్రాకడం చూస్తూ నిలబడ్డాను. ఒక ముసలావిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"శవం లేకుండా కొట్టావా? ఇప్పుడా గంట ఎవరి ప్రాణం అడుగుతుందో ఎరుగుదువా?"

నేను ఎరుగుదును. అందుకే కొట్టాను. తాడు తన్నూస్ చేతికి వదిలేశాను.

మదర్ క్లెమాన్స్ మొహం తెల్లగా పాలిపోయింది. పండుగ మళ్లీ మొదలుపెట్టించమని ఎవరో అడిగితే పూజ చేసిన ఫాదర్ తల అడ్డంగా ఊపాడు. తప్పుడు గంటైనా దుఃఖ గంట దుఃఖ గంటే, ఆ రోజు ఊళ్లో ఇంక డోలు మోగదు. సిమాన్ టోపీ పెట్టుకుని నా పక్కనుంచే, నన్ను తాకకుండా, వెళ్లిపోయాడు. లమియా చివర వచ్చింది. మొహమంతా చెమట. ఎర్ర రుమాలు మడిచి నా చేతిలో పెట్టింది.

"ఇంద. ఇప్పుడు నిశ్చింతగా ఉండు."

నేను ఇంటికి పోలేదు. సిస్టర్ యూజెనీ గదిలోకి వెళ్లాను. ఆమె కళ్లు తెరుచుకునే ఉన్నాయి. గంట విన్నాను, ఎవరికి అని అడిగింది. ఎవరికీ కాదు సిస్టర్ అన్నాను.

"అయితే ఇంకా టైముంది," అంది.

మంగళవారం పొద్దున మదర్ క్లెమాన్స్ కబురు పెట్టింది. నామీద నమ్మకం కుదిరి కాదు. ఊరంతా పేరులేని గంట గురించే మాట్లాడుకుంటోంది, ఇద్దరు తల్లులు పిల్లల్ని స్కూలుకే పంపలేదు. ఇంజినీరు వచ్చి కోర్టు కింద ఏమీ లేదని చెబితే ఆ గొడవ అంతటితో తెగిపోతుందని ఆమె ఆశ. నాకు కూడా చూపించాలని పిలిపించింది. సిమాన్ బస్సు పక్కన నిలబెట్టి, నా నుంచి నాలుగు అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇంజినీరు చిన్నవాడు. నిమ్మచెట్ల పక్క పగులు దగ్గర డ్రిల్లు ఆనించాడు. ముందు తారు వచ్చింది, తర్వాత మట్టి, తర్వాత బూడిదరంగు పొడి. ఆ సిమెంటులో నాలుగు వేళ్ల లోతు కూడా దిగకుండానే డ్రిల్లు ఒక్కసారి జారి పిడి దాకా దిగబడింది. అతను ముందుకి తూలి మోకాళ్ల మీద పడ్డాడు. జాగ్రత్తగా బయటికి లాగాడు. ములుకుకి తడిసి నల్లబడ్డ చెక్క పేళ్లు అంటుకుని వచ్చాయి. వాటిమీద ఇంకా కాస్త నీలం రంగు ఉంది. హాస్టలు తలుపులు నీలంగా ఉండేవి.

ఇంజినీరు ఒక గులకరాయి తీసి ఆ రంధ్రంలో వదిలాడు. నాకైతే అది ఎప్పటికీ పడదేమో అనిపించింది. అప్పుడు కింద ఎక్కడో నీళ్లు పలికాయి. ఆ పలుకు చాలాసేపు తిరిగి తిరిగి వచ్చింది.

ఎవరూ నావైపు చూడలేదు. సిమాన్ చేతులు విప్పేశాడు. ఆదివారం తను ఎక్కడ నిలబడి గెంతాడో ఆ చోటునే చూస్తున్నాడు. అందర్నీ మెల్లగా, ఒకరి తర్వాత ఒకరు, ప్రార్థనాలయం వైపు వెళ్లి నిలబడమని ఇంజినీరు చెప్పాడు. తను బోర్లా పడుకుని, రంధ్రం కాస్త పెద్దది చేసి, తాడుకి దీపం కట్టి దించాడు. ఒక కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. తాడు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. లేచి వచ్చేటప్పుడు అడుగు తీసి అడుగు వేసే తీరే మారిపోయింది.

చువ్వలు తుప్పుపట్టి పొడైపోయాయన్నాడు. ఆదివారం ఇంకొక్క పాట సాగి ఉంటే ఏమయ్యేదో తను చెప్పలేనన్నాడు. నిమ్మచెట్ల వైపు గోడ కనపడిందట. రెండోవైపు, భవనం దిక్కున, దీపం వెలుతురు ఆనడానికి గోడ దొరకలేదు, నీళ్లే కనపడుతున్నాయి. అటువైపు కప్పులో రాళ్లు కూడా ఊడి నీళ్లలో పడి ఉన్నాయట.

"ఈ బావిని తెరిచి ఉండగా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

మదర్ క్లెమాన్స్ నావైపు తిరిగింది. పదకొండేళ్లుగా ఆమె నేను చెప్పేది వింటోంది గాని, జవాబు కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి.

"చెప్పండి వర్దే. ఎంతవరకు ఉంటుంది?"

నా జీవితంలో మొదటిసారి, అబ్బే చిన్నదే మదర్ అని చెప్పాలనిపించింది. అందరూ అదే వినాలనుకుంటున్నారు. నేను కళ్లు మూసుకుని ఆ చలికాలంలోకి వెళ్లాను. మా నాన్న లాంతరు పట్టుకుని వంగాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని తొంగి చూశాను. నల్లటి నీళ్లు, రాతి స్తంభాలు, వాటి వెనక ఇంకా స్తంభాలు, అన్నీ కార్ఖానా కిందికి వెళ్లిపోతున్నాయి. ఓయ్ అని అరిచాను. నా అరుపు వెళ్లింది గాని తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

"అవతలి గోడ నేనెప్పుడూ చూడలేదు మదర్," అన్నాను.

ఇంజినీరు తల ఎత్తాడు. అతని వెంబడి మేమంతా తల ఎత్తాం. పాత కార్ఖానా గోడల మీద లేపిన మూడంతస్తుల భవనం. కిటికీలు తెరిచి ఉన్నాయి. ఎవరో టీచరు లెక్క చెబుతోంది, పిల్లలు వరసగా జవాబు చెబుతున్నారు. మూలన ఆ గొట్టం గోడ వెంట దిగి నేలలోకి పోతోంది.

మదర్ క్లెమాన్స్ ప్రార్థనాలయంలోకి నడిచింది. ఒక్క నిమిషంలో గంట మోగింది. ఒక దెబ్బ. ఆగింది. ఇంకో దెబ్బ.

సిమాన్ భవనం మెట్ల దగ్గరికి పరుగెత్తబోయి, ఆగి, నడిచాడు. నేను మెట్ల కింద నిలబడ్డాను. పరుగెత్తకండి, మెల్లగా దిగండి, కాలు మెత్తగా వేయండి అని దిగుతున్న ప్రతి పిల్లకీ చెబుతూ లెక్కపెడుతున్నాను. మొదటి అంతస్తు అయింది. రెండో అంతస్తు దిగుతోంది. లమియా వాళ్ల పదకొండో తరగతి మూడో అంతస్తులో ఉంటుంది.